సమస్యాపూరణం: గజము భారము మోసెను గడ్డిపోచ

నిర్వాహకుడు, బసవనగుడి:
ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఇందులోని విరోధాన్ని విప్పాలి.

గజము భారము మోసెను గడ్డిపోచ

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. నిరుడు వానల్లో సకలేశపుర తాలూకా యెసళూరు దగ్గరి దబ్బళ్ళికట్టెకు వెళ్ళాను. అర్జునుడనే ఏనుగు సమాధి అక్కడే ఉంది. 1968లో కాకనకోటె అడవిలో ఖెడ్డా (ఏనుగులను తరిమి పట్టే దడి) వేసి పట్టిన ఏనుగు. 2012 నుంచి 2019 దాకా మైసూరు దసరాలో ఎనిమిదిసార్లు 750 కిలోల బంగారు అంబారీ మోశాడు. అరవై దాటాక అంబారీ అభిమన్యుడనే మరో ఏనుగు వీపు మీదికి మారింది గానీ, అడవి ఏనుగులను పట్టే పని నుంచి మాత్రం అర్జునుడికి సెలవు దొరకలేదు. 2023 డిసెంబరు 4న ఆ పనిలోనే ఒక మదగజంతో తలపడి ఒరిగిపోయాడు. మర్నాడు ప్రభుత్వ లాంఛనాలతో అక్కడే పూడ్చారు. గుర్తు నిలపాల్సిందేనని చుట్టుపక్కల జనం పట్టుబట్టారు.

నేను వెళ్ళిన రోజు జల్లు పడుతోంది. సమాధి అంచున ఎవరో చెరుకు ముక్క పెట్టిపోయారు, దానికి చీమలు పట్టాయి. పక్కనే ఒక్క గడ్డిపోచ. చినుకు పడితే నేలకు వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. బస్సులో తిరిగి వస్తుంటే పాదం వచ్చింది.

అర్జునుడి మీదే రాయాలని నియమం లేదు. సందర్భం మీ ఇష్టం.

మల్లేశ్వరం సోదరి:

ఏడునూటయేబది కిలోలెత్తినట్టి
మూపు మన్నాయె, మన్నులో మొలకలెత్తి
వాన చినుకుల తడియుచు వంగి లేచి
గజము భారము మోసెను గడ్డిపోచ

రాజాజీనగర్ పెద్దాయన:
అమ్మా, పద్యం కళ్ళకు కట్టింది. ఒక్క చిన్న సవరణ. 'చినుకులన్' అని చివర ద్రుతం (న్) ఉంది కాబట్టి, తర్వాతి 'త' 'ద'గా మారి 'చినుకులఁ దడియుచు' అనాలి. ఇంకొకటి, తేటగీతిలో 'కిలోలు' నా చెవికి కొంచెం గుచ్చుకుంది. 'బారువులు' అనో మరొకటో అనలేమా?

మల్లేశ్వరం సోదరి:
సరళాదేశం సరిచేసుకుంటానండీ. కిలోలు మాత్రం ఉంచుతాను. మా ఇంట్లో దసరా ఊరేగింపు టీవీలో చూసినప్పుడల్లా పిల్లలు అడిగేది ఆ లెక్కే.

నిర్వాహకుడు:
నా ఓటు కిలోలకే. 'ఏడు'కు 'ఎత్తి'తో అచ్చుయతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అచ్చుల మైత్రి) కూడా చక్కగా కుదిరింది. అంతకన్నా నాకు నచ్చింది 'మూపు మన్నాయె' దగ్గర ఆగడం. అక్కడ ఊపిరి ఒకసారి నిలుస్తుంది, తర్వాత మొలక లేస్తుంది. విరుపు అక్కడ పడకపోతే సమస్యలోని విరోధం ఇంత సహజంగా విడేది కాదు.

జయనగర్ సభ్యుడు:

ధనపు రాసులు తూగక తల్లడిల్ల
ఒక్క గరికయె తులలోన నొదిగి నిలిచె
వేల్పులెల్లరు చూడగా విఘ్నరాజ
గజము భారము మోసెను గడ్డిపోచ

నిర్వాహకుడు:
కుబేరుడి సంపద గరికపోచకు సరితూగలేదన్న వినాయకుడి కథను పట్టుకున్నారు. మంచి ఆలోచన. గణాలు (లఘుగురువుల గుంపులు), యతులు శుద్ధంగా ఉన్నాయి. చిక్కంతా అన్వయంలో ఉంది. కథలో తక్కెడలో పెట్టింది ధనాన్ని, స్వామిని కాదు. 'విఘ్నరాజ గజము' అనే సమాసం సమస్య కోసం తెచ్చిపెట్టినట్టు ఉంది. మూడో పాదం మార్చి, గరిక మీదున్నది స్వామి అనుగ్రహమనే బరువని చెప్పగలిగితే నిలుస్తుంది. మళ్ళీ ప్రయత్నించండి.

మారతహళ్ళి తమ్ముడు:
పద్యం రాయడం ఇదే మొదటిసారి. పంపాలంటే టెన్షన్‌గానే ఉంది. తప్పులుంటే చెప్పండి.

అంకుశమ్మును విడిచిన యతని చేయి
తొండమును వెదకుచునుండెఁ దొలుతవోలె
మాటలుడిగిన మావటి గుండె యనగ
గజము భారము మోసెను గడ్డిపోచ

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యంలోనే రెండో పాదం లాంటిది పడటం అందరికీ జరగదు. ఏళ్ళ తరబడి అలవాటైన చేయి, పక్కన ఏనుగు లేకపోయినా తొండం కోసం తడుముకుంటుంది. మావటి ఏడిచాడని ఎక్కడా అనలేదు, అనకపోవడమే మేలైంది.

తప్పు మూడో పాదంలో ఉంది. తేటగీతిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. 'మా'కు 'గుం' చెల్లదు. 'మాటలుడిగిన మావటి మనసనంగ' అంటే సరిపోతుంది. 'గుండె' పోవడం నాకూ బాధగానే ఉంది. ఏనుగు బరువు మోయడానికి మనసు కన్నా గుండే తగిన మాట. 'గుండె' ఉంచే దారి నీకు తడితే ఈ సవరణ వదిలెయ్.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:
గజం అంటే కొలత కూడా కదా, గజం స్థలం మీద రాస్తే చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. పద్యం పంపండి.

కె.ఆర్.పురం తాతగారు:

కాఫితోటల నడుమ నీ కానపల్లె
గురుతు నిల్పుఁడటంచును గొంతు విప్పె
ఎంత చిన్నదో యూరది, యెంత పెద్ద
గజము భారము మోసెను గడ్డిపోచ!

జయనగర్ సభ్యుడు:
తాతగారూ, పద్యం బాగుంది. కానీ ఊరిని గడ్డిపోచ అంటే చిన్నబుచ్చినట్టు కాదా?

కె.ఆర్.పురం తాతగారు:
నాయనా, అర్జునుణ్ణి దసరాలో లక్షల మంది చూశారు, చప్పట్లు కొట్టారు. పడిపోయినప్పుడు దగ్గరున్నది ఆ తోటల్లో కూలికి పోయేవాళ్ళు. అడవి ఏనుగులు తొక్కేసిన పొలాలూ వాళ్ళవే. ఏనుగుల వల్ల ఇన్ని కష్టాలు పడి కూడా ఒక ఏనుగుకు గుర్తు కట్టమని నిలబడ్డారు. అంత బరువు మోసినవాళ్ళని గడ్డిపోచ అన్నది తక్కువ చేయడానికి కాదు.

నిర్వాహకుడు:
మూడో పాదాన్ని 'ఎంత పెద్ద' దగ్గర ఆపి సమస్యలోకి దూకించారు. సమస్య ఇచ్చినవాడిని నేనే, అయినా ఆ 'ఎంత పెద్ద' లేకుండా ఈ పాదాన్ని ఇకపై చదవలేను. ఊరివాళ్ళ కష్టం పద్యంలోకి రాలేదన్నదొక్కటే లోటు. ఇంకో పద్యంలో అది చెప్పండి తాతగారూ, రెండూ కలిపి చదువుకుంటాం.

మల్లేశ్వరం సోదరి:
డిసెంబరు 4కి మేము సకలేశపుర వైపు వెళ్తున్నాం. తాతగారి పద్యం కాగితం మీద రాసి తీసుకెళ్ళి, అక్కడివాళ్ళకు కన్నడలో అర్థం చెబుతాను. మిగతాదంతా కుదిరింది, గడ్డిపోచ దగ్గర ఆగిపోయాను. 'హుల్లుకడ్డి' అనవచ్చా?

కె.ఆర్.పురం తాతగారు:
అనమ్మా. వాళ్ళ ఇంటి మాటే అది.