పనికి సెలవు పెట్టకుండా సీఓపీడీకి ఇంట్లోనే వ్యాయామం ఎలా?

అమ్మకు 58 ఏళ్లు, సీఓపీడీ (గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. సిగరెట్ ముట్టలేదు, చాలా ఏళ్లు కట్టెల పొయ్యి పొగ పీల్చింది. గాలి దారులు తెరిచే మందు పీల్చాక చేసిన స్పైరోమెట్రీలో (ఊపిరి ఊది చూసే పరీక్ష) ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి) ఉండాల్సిన దానిలో 46 శాతం, మొత్తం ఊదిన గాలితో దాని నిష్పత్తి 0.58. రోజుకు ఒకసారి పీల్చే మందు టియోట్రోపియం 18 మైక్రోగ్రాములు, ఆయాసం వస్తే వెంటనే పీల్చడానికి సాల్బుటమాల్ రాశారు.

నెలాఖరులో డబ్బు తక్కువై ఆమె టియోట్రోపియం రోజు మార్చి రోజు వాడేది, ఆ వారాల్లోనే ఆయాసం పెరిగేది. డాక్టర్‌తో మాట్లాడి అదే మందు చౌక రకానికి మారాం, ఇప్పుడు రోజూ వాడుతోంది. పొయ్యి ఆరుబయటికి మార్చాం, పీల్చే పద్ధతిని నర్సు సరిచేశారు. అయినా మెట్లెక్కితే ఆగిపోతోంది.

ఊపిరితిత్తుల పునరావాస శిక్షణ (ఆయాసం తగ్గేలా దగ్గరుండి చేయించే వ్యాయామం) తీసుకోమన్నారు. వారానికి రెండుసార్లు, 8 వారాలు. అది జరిగేది సరిగ్గా ఆమె పని వేళల్లోనే. వెళితే ఆ రోజు కూలి పోతుంది, కూలి పోతే మళ్లీ మందుకే కోత. (ఈ వేళలు నిర్ణయించినవారికి రోజుకూలీలు గుర్తుకు రాలేదేమో.) ఇంట్లోనే చేయవచ్చని డాక్టర్ ఒప్పుకున్నారు గానీ, వివరంగా చెప్పే తీరిక ఆయనకు లేదు.

సాయంత్రాలు నడిపిస్తున్నాం. 5 నిమిషాలకే ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం నుంచి 89కి దిగుతుంది. పెదవులు బిగించి ఊపిరి వదిలితే రెండు నిమిషాల్లో కోలుకుంటుంది. నడక మాత్రం ఆ 5 నిమిషాలకు మించి పెరగడం లేదు.

పరికరాలు లేకుండా ఇంట్లోనే ఈ శిక్షణ పూర్తిచేసినవారు, చేయించిన ఫిజియోథెరపిస్టులు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇలాంటి స్థితిలో నడకను, విరామాన్ని వారం వారం ఎలా పెంచాలి?