"సా తాయ్‌గిక్" అనే కాంటనీస్ మాటను తెలుగులో ఏమనాలి?

హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తూ కాంటనీస్ నేర్చుకుంటున్నాను. సూటి ప్రశ్నకు జవాబివ్వకుండా ఎవరైనా బాధ్యతను పక్కవాళ్ల మీదికి తోసేస్తే ఇక్కడివాళ్లు "సా తాయ్‌గిక్" అంటారు. అంటే తాయ్‌చీ అనే చైనా యుద్ధవిద్య ఆడుతున్నాడని. ఆ విద్యలో ఎదుటివాడి బలాన్ని ఢీకొట్టకుండా, మెల్లగా చేతులు తిప్పుతూ పక్కకు మళ్లిస్తారు కదా, పోలిక అక్కడిదే. నాకు భలే నచ్చింది.

తెలుగులో "నీళ్లు నమలడం" అందామంటే అది జవాబు తోచక తడబడటం. ఇందులో తడబాటు లేదు, నేర్పు ఉంది. "మాట దాటేయడం" దగ్గరగానే ఉంది కానీ చప్పగా ఉంది. ఇంతకన్నా మంచి పలుకుబడి ఉందా?

ఇంకో సందేహం. మొన్న మీటింగ్‌లో మా మేనేజర్ గురించి పక్కనున్నతను ఇదే మాట గొణిగాడు. పైవాళ్ల ముందు అనొచ్చా, తిట్టులా వినిపిస్తుందా? కాంటనీస్ బాగా తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.