ఎన్‌బీఏ సీజన్‌కు 82 మ్యాచులు అవసరమా?

ఎడమచేతి లేఅప్ (అనంతపురం):
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2025 ప్లేఆఫ్స్ (లీగ్ దశ ముగిశాక కప్పు కోసం జరిగే పోటీలు) చూసినప్పటి నుంచి ఈ మాట అడగాలనుకుంటున్నాను. ఏప్రిల్‌లో లిల్లార్డ్, మేలో టాటమ్, జూన్‌లో హాలిబర్టన్. ముగ్గురికీ ఒకటే గాయం, మడమ వెనక అకిలిస్ స్నాయువు తెగింది. హాలిబర్టన్ అయితే ఫైనల్స్ ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే పడిపోయి, అరచేత్తో కోర్టును కొడుతూ ఉండిపోయాడు. అప్పటికే పిక్క నొప్పితో ఆడుతున్నాడు. ఆ తర్వాత మ్యాచ్ చివరిదాకా చూశాను గానీ ఏం చూశానో గుర్తు లేదు.

1967-68 నుంచి జట్టుకు 82 మ్యాచులే. అప్పుడు మూడు పాయింట్ల గీత లేదు, అది 1979-80లో వచ్చింది. ఇప్పుడు ఎదుటి జట్టులో ప్రతి ఒక్కరినీ ఆ గీత దాకా వెళ్లి అడ్డుకోవాలి, మళ్లీ రింగు కిందికి పరుగెత్తి రావాలి. ఆట మారింది, లెక్క మారలేదు. నా దృష్టిలో 60, మహా అయితే 65 చాలు. మీరేమంటారు?

టవర్ క్లాక్:
ఆ ముగ్గురి జెర్సీ నంబరూ సున్నానే. సున్నా వేసుకోవద్దని చెబితే సరిపోతుంది, సీజన్ జోలికి వెళ్లక్కర్లేదు.

గుత్తి కోట (గుంతకల్లు):
తమ్ముడూ, నువ్వు చెప్పిన ముగ్గురూ దెబ్బతిన్నది ప్లేఆఫ్స్‌లో. 82 మ్యాచులతో దానికేం సంబంధం? రేపు 60కి తగ్గించినా ప్లేఆఫ్స్ ఉంటాయి కదా.

జాన్ స్టాక్‌టన్ 19 సీజన్లు ఆడి, అందులో 17 సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఏ.సీ. గ్రీన్ వరుసగా 1,192 మ్యాచులు ఆడాడు. వాళ్లవేమైనా ఇనుప కాళ్లా? ఇప్పటివాళ్లకు జట్టు విమానం ఉంది, వంటవాడున్నాడు, కాళ్లు పిసికేవాడున్నాడు. అయినా కూర్చుంటారు.

నా అనుభవం చెబుతాను. రెండేళ్ల కిందట అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. నాకు బాస్కెట్‌బాల్ పిచ్చి అని తెలిసి అల్లుడు టికెట్లు తీశాడు. ఎంత పెట్టాడో అతను చెప్పలేదు, తిరిగొచ్చాక అమ్మాయి చెప్పింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరిని చూడటానికి వెళ్లామో ఆయన కోటు వేసుకుని బెంచీ మీద కూర్చుని పక్కవాడితో నవ్వుతున్నాడు. పేరు రాయను. గాయం లేదు, విశ్రాంతి అట. మ్యాచ్ మొత్తం నేను ఆయన బూట్లే చూశాను. నల్లవి, బాగా మెరుస్తున్నాయి.

ఎడమచేతి లేఅప్:
అన్నా, మీరు నా వాదనే చేస్తున్నారు. మ్యాచులు తక్కువైతే ఆయన ఆ రోజు ఆడేవాడు. 82 ఉన్నాయి కాబట్టే కోచ్ ఏ పదో పదిహేనో వదిలేస్తాడు. 2018-19లో కవై లెనర్డ్‌ను టొరంటో లీగ్ దశలో 60 మ్యాచులే ఆడించింది. జూన్‌లో కప్పు ఎత్తింది. ఆ జట్టు తప్పు చేసిందంటారా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఒక చిన్న సవరణ. 82 అనేది జట్టుకు, ఆటగాడికి కాదు. 2022-23లో మికల్ బ్రిడ్జెస్ 83 మ్యాచులు ఆడాడు. ఫీనిక్స్‌కు 56, మధ్యలో బదిలీ అయ్యాక బ్రూక్లిన్‌కు 27.

గుత్తి కోట:
విన్నావా, 83 ఆడినవాడూ ఉన్నాడు! ఏమైంది అతనికి?

ఇక లెనర్డ్ సంగతి. కప్పు ఎత్తారు, సంతోషం. మిగిలిన 22 రాత్రులు టికెట్టు కొన్నవాడికి ఎవరు జవాబు చెబుతారు? 2012 నవంబరులో ఇదే జరిగింది. మయామీతో మ్యాచ్ ఉండగా శాన్ ఆంటోనియో జట్టు డంకన్, పార్కర్, జినోబిలిలను ఇంటికి పంపేసింది. అప్పటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. పెద్దమనిషి. టీవీ ముందు కూర్చున్నవాడి బాధ ఆయనకు తెలుసు.

పెన్నా ఒడ్డు (కడప):
ఇద్దరూ పురుషుల లీగ్ గురించే మాట్లాడుతున్నారు. మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2025లో జట్టుకు 44 మ్యాచులే. అది కూడా 40 నిమిషాల ఆట. అయినా కెయిట్లిన్ క్లార్క్ గాయాలతో 13 మ్యాచులే ఆడగలిగింది. కాబట్టి అంకె ఒక్కటి తగ్గిస్తే పని జరగదు. ఆ 44 మ్యాచులనూ నాలుగు నెలల్లో కుక్కారు. మా అమ్మాయి జిల్లా అండర్-17 జట్టులో ఉంది, అందుకే ఇవన్నీ చదువుతుంటాను.

టవర్ క్లాక్:
క్లార్క్ నంబరు 22. నా సిద్ధాంతం పోయింది.

ఎడమచేతి లేఅప్:
పెన్నా ఒడ్డు గారు అసలు మాట పట్టుకున్నారు. ఎన్ని మ్యాచులు అన్నది ఒక ప్రశ్న, ఎన్ని రోజుల్లో అన్నది ఇంకో ప్రశ్న.

గుత్తి కోట:
అసలు మాట ఇప్పుడు మార్చకు. శీర్షిక పెట్టింది నువ్వు, "82 అవసరమా" అని. తగ్గించిన సీజన్లు మనం చూశాం. యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ జీతాల తగాదా వచ్చి 1998-99లో 50, 2011-12లో 66 మ్యాచులే జరిగాయి. ఆ 66 మ్యాచుల సీజన్ అయ్యాక ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే డెరిక్ రోజ్ మోకాలి లిగమెంటు తెగింది. తగ్గించారు కదా, కాపాడగలిగారా?

ఎడమచేతి లేఅప్:
ఆ 66 ఎలా ఆడించారో కూడా చెప్పండి. డిసెంబరు 25న మొదలుపెట్టి ఏప్రిల్ ఆఖరుకల్లా ముగించారు. వరుసగా మూడు రాత్రులు మూడు మ్యాచులు ఆడిన జట్లున్నాయి. మీరు ఇచ్చిన ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది.

ఎన్‌బీఏ వాళ్లకైనా ఇది అర్థమైంది. 2017-18 నుంచి అయిదు రాత్రుల్లో నాలుగు మ్యాచులు పెట్టడం మానేశారు. కానీ 2023-24లో ఇంకో నిబంధన తెచ్చారు, కనీసం 65 మ్యాచులు ఆడకపోతే ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడు) లాంటి పురస్కారాలకు అర్హత లేదని. దాంతో నొప్పి ఉన్నవాడూ దిగుతున్నాడు. ఆ ఏడాది హాలిబర్టన్ తొడ కండరం పట్టేసినా లెక్క కోసం తొందరగా తిరిగొచ్చాడు. అతని జీతం పెంపు ఏడాది మేటి ఆటగాళ్ల జట్టు ఆల్-ఎన్‌బీఏలో చోటుతో ముడిపడి ఉండింది.

దేవుని కడప:
జీతం అన్నారు కాబట్టి ఒక మాట. లీగ్ ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకే వెళ్తుంది. 2025-26 నుంచి పదకొండేళ్లకు 76 బిలియన్ డాలర్ల టీవీ ఒప్పందం. మ్యాచులు తగ్గిస్తే ఆ డబ్బు తగ్గుతుంది. తమ జీతం తగ్గించమని ఏ ఆటగాడూ సంతకం పెట్టడు. 82 ఎందుకు అంటే ఇందుకే. నిద్ర మానుకుని వాదించడం అనవసరం.

ఎడమచేతి లేఅప్:
డబ్బు ఉంది కాబట్టి న్యాయం అయిపోతుందా? పోనీ ఇంకో దారి ఉంది. కమిషనర్ ఆడమ్ సిల్వర్ 2025లో పన్నెండు నిమిషాల క్వార్టర్లను పదికి తగ్గిస్తే బాగుంటుందన్నాడు. మ్యాచ్‌కు ఎనిమిది నిమిషాలు, 82 మ్యాచులకు 656 నిమిషాలు. పదమూడున్నర మ్యాచుల ఆట తగ్గినట్టు. టీవీకి 82 రాత్రులూ ఉంటాయి, కాళ్లకు 68 మ్యాచుల భారమే ఉంటుంది.

గుత్తి కోట:
1961-62లో చాంబర్లిన్ మ్యాచ్‌కు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. ఆట 48 నిమిషాలే! అదనపు సమయం కూడా వదలకుండా ఆడాడన్నమాట. నిమిషాలు లెక్కపెట్టుకునేవాడు గుమాస్తా, ఆటగాడు కాడు. గుంతకల్లు రైల్వే మైదానంలో రాత్రి డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, అటునుంచి అటే ఆటకు వచ్చేవాళ్లం. ఎవరూ చావలేదు. నీకు మోకాలు పోయింది కాబట్టి లోకమంతా కుంటుతోందనుకుంటున్నావు.

టవర్ క్లాక్:
అన్నా, ఆ ఆఖరి వాక్యం వద్దు.

ఎడమచేతి లేఅప్:
ఉంచండి. మోకాలి మాట ఎత్తారు కాబట్టి చెబుతాను.

పదహారేళ్ల కిందట, మార్చి నెల ఆఖరు, సిమెంటు కోర్టు. కాలేజీల మధ్య పోటీలు, ఏ కాలేజీ, ఏ కోచ్ అన్నది వద్దు. ఉదయం ఏడున్నరకు ఒక మ్యాచ్, పదకొండుకు సెమీస్, నాలుగున్నరకు ఫైనల్. సెమీస్ అయ్యాక బూటు విప్పితే అడుగు అట్ట వేడికి ఊడి వచ్చింది. ప్లాస్టరు చుట్టుకుని ఫైనల్‌లో దిగాను. ఎడమ వైపు నుంచి లేఅప్ (రింగు దగ్గరికి ఎగిరి వేసే బంతి) వేసి కిందికి దిగేటప్పుడు ఎండు వేపపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అది నాకు వినిపించింది, స్కోరు రాసే బల్ల దగ్గర ఉన్నవాళ్లకూ వినిపించిందట. బంతి మాత్రం రింగులో పడింది. రెండు పాయింట్లు ఇచ్చారు. బెంగళూరులో ఆపరేషన్‌కు మా నాన్న రెండెకరాల వేరుసెనగ పంట డబ్బు మొత్తం కట్టారు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాను.

ఆ రోజు కోచ్ అన్న మాట కూడా ఇదే, "ఎవరూ చావలేదు".

ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. సంక్రాంతి టోర్నమెంటు డ్రా రాసింది మీరే కదా? ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు, ఒకటే కోర్టు, మొత్తం 15 మ్యాచులు రెండు రోజుల్లో. భోగి నాడు ఎనిమిది, పండుగ నాడు ఏడు. ఫైనల్‌కు వచ్చే జట్టు రెండో రోజు మూడు మ్యాచులు ఆడాలి. లీగ్, సెమీస్, ఫైనల్. పదహారేళ్లు గడిచినా అదే డ్రా.

గుత్తి కోట:
అదా సంగతి! అమెరికా చుట్టి, స్టెర్న్‌నూ సిల్వర్‌నూ పలకరించి, చివరకు నా డ్రా దగ్గర దిగావు. నచ్చకపోతే ఫోన్ చేయవచ్చు కదా?

ఎడమచేతి లేఅప్:
రెండుసార్లు చేశాను. రెండుసార్లూ "చూద్దాం" అన్నారు.

గుత్తి కోట:
చూద్దాం అంటే చూద్దామనే అర్థం. నా కష్టం కూడా విను. మూడో రోజు పెడితే అది కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కర్నూలు జట్టును, కడప జట్టును ఆ రోజు ఆపితే ఇళ్లలో వాళ్లు నన్ను తిడతారు. వంటవాడు రాడు. వచ్చినా, కనుమ నాడు నాలుగు జట్లకు పప్పన్నం పెడితే పిల్లలే తిడతారు, మాంసం పెడదామంటే చందా డబ్బు చాలదు. ఈ పదేళ్లలో డ్రా బాగాలేదని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. మైదానంలో సున్నం గీతలు వేయడానికి తెల్లవారుజామున వచ్చినవాడు ఒక్కడూ లేడు.

పెన్నా ఒడ్డు:
కనుమ జోలికి ఎందుకు సార్, భోగికి ముందు రోజే మొదలుపెట్టండి. అప్పటికి బడులకు సెలవులు ఇచ్చేస్తారు. ముందు రోజు ఆరు, భోగికి ఆరు, పండుగ నాడు సెమీస్, ఫైనల్ కలిపి మూడు. పండుగ రోజు మిగిలేవి నాలుగు జట్లే, 48 మంది పిల్లలు. భోజనం భారం తగ్గుతుంది కూడా.

మా అమ్మాయి ఆ కడప జట్టులోనే ఉంది. మూడు మ్యాచుల డ్రా అయితే నేను పంపను, ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది.

దేవుని కడప:
ముందు రోజు ఉదయం ఫలహారం నాది. ఉగ్గాని, బజ్జి. వంద మందికి చేయిస్తాను. కానీ ప్లేట్లు ఎవరైనా తేవాలి.

టవర్ క్లాక్:
ప్లేట్లు నావి. సున్నం గీతలు కూడా. పడమటి వైపు రింగుకు నెట్ లేదు, నిరుడు కూడా లేదు. అది ఎవరైనా చూడండి.

ఎడమచేతి లేఅప్:
పండుగ నాడు సెమీస్ ఉదయం ఎనిమిదికి, తొమ్మిదిన్నరకు పెట్టండి. ఫైనల్ సాయంత్రం అయిదు తర్వాతే. ఒకే రోజు రెండు కూడా నాకు ఇష్టం లేదు, అయినా సరే. నెట్ నేను తెస్తాను.

గుత్తి కోట:
మైదానం వాళ్లను ముందు రోజుకు అడిగాను, ఇస్తామన్నారు. కొత్త డ్రా రేపు పెడతాను. మోకాలి మాట అనకుండా ఉండాల్సింది, తమ్ముడూ. 82 విషయంలో మాత్రం నా మాట నాదే. టికెట్టు కొన్నవాడి ముందు కోటు వేసుకుని కూర్చోవడం తప్పే.

కొండారెడ్డి బురుజు:
ఇంకో సవరణ. 83 కూడా రికార్డు కాదు. 1968-69లో వాల్ట్ బెల్లమీ 88 మ్యాచులు ఆడాడు. న్యూయార్క్‌కు 35, బదిలీ అయ్యాక డెట్రాయిట్‌కు 53.

గుత్తి కోట:
88! చూశావా తమ్ముడూ?

ఎడమచేతి లేఅప్:
చూశాను అన్నా. అది కూడా రెండు రోజుల్లో కాదు.