వీసా ఉన్నా మా తమ్ముణ్ణి ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపారు, పాస్‌పోర్టులో ఈ ముద్రకు అర్థమేంటి?

శ్రీలత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు పోయిన వారం యూరప్ చూడటానికని బయల్దేరాడు. యూరప్‌లో చాలా దేశాలకి ఒకటే పనికొచ్చే షెన్‌జెన్ వీసా ఉంది, రానుపోను టికెట్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, బ్యాంకులో డబ్బూ ఉంది. విమానం దిగాక ఇమిగ్రేషన్‌లో ఆపి, పక్క గదిలోకి తీసుకెళ్లి మూడు గంటలు ప్రశ్నలు వేసి, మర్నాటి ఫ్లైట్‌లో తిప్పి పంపేశారు. ఏ దేశమో ఇక్కడ రాయడం ఇష్టం లేదు.

వాడు ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. గదిలోంచి బయటికి రావడం లేదు. ఏం జరిగిందిరా అంటే "వదిలెయ్ అక్కా" అంటాడు. బంధువుల్లో అప్పుడే "డిపోర్ట్ చేశారట" అని మాట పాకింది. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ కంటి నిండా నిద్రపోలేదు.

నిన్న వాడి పాస్‌పోర్టు తీసి చూశాను. ఒక పేజీలో ఎంట్రీ ముద్ర వేసి, దాని మీద నల్ల ఇంకుతో ఇంటూ మార్కు కొట్టారు. దానికి కుడి పక్కన చేత్తో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం రాశారు. వీసా స్టిక్కర్ మీద కూడా రద్దు ముద్ర ఉంది. ఆ ‘ఇ’ ఏంటి? వీసా ఇచ్చాక మళ్లీ గుమ్మం దగ్గర ఎందుకు ఆపుతారు? వాడు ఇంక ఏ దేశమూ వెళ్లలేడా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కౌంటర్ పాతకాపు

శ్రీలత గారూ, నేను పందొమ్మిదేళ్లు ఒక ఎయిర్‌లైన్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా చేశాను. కొన్నేళ్లు చెకిన్ కౌంటర్లో, తర్వాత చాలాకాలం ఇలా తిరిగొచ్చిన ప్రయాణికులను విమానం తలుపు దగ్గర అందుకునే డ్యూటీలో. వాళ్ల పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉండదు. ఒక కవర్లో పెట్టి క్యాబిన్ సిబ్బందికి ఇస్తారు, దిగాక ఆ కవరు మా చేతికొస్తుంది. కవరు వైపే చూస్తూ నడిచొచ్చే ఆ మనుషుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. మీ తమ్ముడు ఎందుకు మాట్లాడటం లేదో నాకు అర్థమవుతుంది.

ముందు అమ్మగారికి ఈ మాట చెప్పండి. మీ తమ్ముణ్ణి డిపోర్ట్ చేయలేదు. దేశంలోకి అడుగు పెట్టకముందే ఆపేసినవాళ్లను మేం ‘ఇనాడ్’ అంటాం, ఇన్‌అడ్మిసిబుల్ అనే మాటకు పొట్టి రూపం అది. ఒకసారి లోపలికి రానిచ్చి, తర్వాత వెళ్లగొడితే ఆ మనిషి డిపోర్టీ. రెంటికీ కాగితాలు వేరు, తర్వాత వచ్చే చిక్కులూ వేరు. బంధువులు ఏమన్నా అనుకోనివ్వండి, ఇంట్లో మాత్రం ఆ మాట వాడకండి.

ఇక ఆ అక్షరం. షెన్‌జెన్ సరిహద్దు నిబంధనల్లోనే ఉంది: ముద్ర పద్ధతి ప్రకారం ఎంట్రీ నిరాకరిస్తే ముద్ర వేసి, చెరగని నల్ల సిరాతో ఇంటూ కొట్టి, కుడివైపున కారణం తాలూకు అక్షరం రాయాలి. ‘ఎ’ అంటే చెల్లే పాస్‌పోర్టు లేదు. ‘బి’ దొంగ పాస్‌పోర్టు. ‘సి’ వీసా లేదు, ‘డి’ దొంగ వీసా. ‘ఎఫ్’ అంటే 180 రోజుల్లో ఉండదగ్గ 90 రోజులూ ఇప్పటికే వాడేశారని. ‘జి’ చేతిలో సరిపడా డబ్బు లేదని. ‘హెచ్’ అంటే రానివ్వకూడదని ముందే జాబితాలో పేరుంది. ‘ఐ’ భద్రతకో ప్రజారోగ్యానికో ముప్పు అని. మీవాడికి రాసిన ‘ఇ’ ఏమిటంటే, ఎందుకొచ్చాడో, ఎక్కడ ఎలా ఉంటాడో చూపించే సరైన కాగితాలు లేవని. దొంగ అనలేదు, నేరస్థుడు అనలేదు. ఆ తేడా చాలా పెద్దది.

వీసా సంగతి. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాల్సిందే అన్న హక్కేమీ రాదని షెన్‌జెన్ వీసా చట్టంలోనే రాసుంది. అమెరికా అయినా, కెనడా అయినా ఇదే పద్ధతి. వీసా మిమ్మల్ని గుమ్మం దాకా రానిస్తుంది, తలుపు తీసేది బూత్‌లో కూర్చున్న ఆఫీసర్. వీసా ఇచ్చినప్పుడు చూపించిన పరిస్థితి ఈ రోజుకీ అలాగే ఉందా అని ఆయన చూస్తాడు. తేడా కనిపిస్తే ఆపుతాడు, వీసా కూడా రద్దు చేయొచ్చు.

మీవాణ్ణి కేకలేయకుండా ఒక్క ప్రశ్న అడగండి: ఎక్కడ ఉంటానని చెప్పాడు? ‘ఇ’ పడినవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది కథ హోటల్ బుకింగ్ దగ్గరే తెగింది. ఇంకొకటి, ముద్రతో పాటు ఒక ఫారం కూడా ఇచ్చి సంతకం తీసుకుంటారు. అందులో కారణం పక్కన టిక్కు ఉంటుంది. అది వెతకండి.

శ్రీలత

సార్, మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు తల దించుకుని కూర్చుని అప్పుడు చెప్పాడు. వీసా కోసం పన్నెండు రోజులకి హోటల్ బుక్ చేశాడు. వీసా రాగానే రద్దు చేసుకున్నాడు, ఎందుకంటే అక్కడ చదువుకుంటున్న స్నేహితుడు "నా గదిలో ఉండు, డబ్బులెందుకు దండగ" అన్నాడట. ఆఫీసర్ ఎక్కడ ఉంటావంటే కంగారులో ఆ పాత హోటల్ కాగితమే చూపించాడు. ఆయన అక్కడికక్కడే హోటల్‌కి ఫోన్ చేశాడు. ఆ పేరుతో బుకింగ్ లేదన్నారు. అప్పుడు స్నేహితుడి సంగతి చెప్పాడు కానీ, అప్పటికి ఆయన ముఖం మారిపోయిందట.

ఫారం సూట్‌కేస్ జిప్‌లో నాలుగు మడతలు పెట్టి దాచాడు. ఐదో గడిలో టిక్కు ఉంది. కింద వాడి సంతకం. చదవకుండానే పెట్టానన్నాడు.

విదేశీ గాలి

అక్కా, నాకు జరిగింది అమెరికాలో, అందుకే రాస్తున్నాను. నాది టూరిస్టు వీసా. సెకండరీ అంటారు, విడిగా ప్రశ్నలు వేసే ఆ గదిలోకి పంపారు. ఫోన్ అన్‌లాక్ చేయించి చూశారు. అంతకు నెల ముందు ఒకతను "ఇక్కడికి వచ్చాక మా దగ్గర పని చూసుకుందువుగాని" అని పెట్టిన మెసేజ్ దొరికింది. నేను సరే అన్నాను, అంతే, అది మర్యాదకి అన్న మాట. టూరిస్టు వీసా మీద జీతం తీసుకునే పని చేయకూడదు కదా, వాళ్లు దాన్ని పట్టుకుని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. అక్కడి చట్టంలో వచ్చిన మనిషి స్థిరపడటానికే వచ్చాడని ముందు అనుకుంటారట, కాదని నిరూపించుకోవాల్సింది మనమే.

ప్రశ్న, జవాబు టైప్ చేసి పేజీ పేజీకి పొట్టి సంతకం పెట్టమన్నారు. నాకు సగం ఇంగ్లీషు అర్థం కాలేదు, అయినా ‘ఎస్ సర్’ అన్నాను. తెలుగులో చెప్పే మనిషి కావాలని అడగొచ్చని తర్వాత తెలిసింది. మీ తమ్ముడికే కాదు, ఎవరికైనా చెప్పండి, అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి.

కౌంటర్ పాతకాపు

తమ్ముడూ, నువ్వు రాసింది చాలా ముఖ్యం. అమెరికాలో ఆపితే రెండు దారులున్నాయి. ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ అని, అంటే అక్కడికక్కడే వెనక్కి పంపే ఉత్తర్వు రాస్తే ఐదేళ్లు రాకూడదు. అబద్ధం చెప్పి వీసానో ఎంట్రీనో సంపాదించబోయావని తేలిస్తే దానికి కాలపరిమితే లేదు, మినహాయింపు కోరుకుంటూ తిరగాలి. రెండో దారి, ఆఫీసర్ ఒప్పుకుంటే, ‘నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాసిచ్చి వచ్చేయడం. సాధారణంగా వీసా రద్దవుతుంది కానీ ఆ ఐదేళ్ల నిషేధం పడదు. దీన్ని హక్కుగా అడగలేం, అవకాశం ఉందా అని మర్యాదగా అడగొచ్చు. నువ్వు ఏ కాగితం మీద సంతకం పెట్టావో తీసి చూసుకో.

శ్రీలత గారూ, మీ తమ్ముడి విషయంలో నన్ను బాధపెట్టేది ఏంటంటే, నిజం చెప్పి ఉంటే దానికి దారి ఉంది. స్నేహితుడి దగ్గర ఉండటం తప్పు కాదు. ఎవరింట్లో ఉంటారో వాళ్ల ఆహ్వాన పత్రం షెన్‌జెన్ నిబంధనల్లో హోటల్ కాగితంతో సమానంగా చెల్లే ఆధారం. కొన్ని దేశాల్లో దానికి ప్రత్యేకంగా ఫారం ఉంటుంది, స్నేహితుడు అక్కడి ఆఫీసులో నింపి పంపాలి. వాడు విమానం ఎక్కేముందు అది తెప్పించుకుని ఉంటే బూత్ దగ్గర రెండు నిమిషాల పని. ఆఫీసర్ దగ్గర ఒక్క మాట అబద్ధమని తేలితే, ఆ తర్వాత చెప్పిన పది నిజాలూ ఆయన చెవికెక్కవు. అక్కడే అంతా పోతుంది.

చెకిన్ కౌంటర్లో మేం "హోటల్ ఉందా, తిరుగు టికెట్ ఉందా" అంటే చాలామంది "మీకెందుకు" అని కోప్పడేవాళ్లు. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే జరిమానా ఎయిర్‌లైన్‌కే పడుతుంది, బ్రిటన్‌లో మనిషికి 2,000 పౌండ్లు. తిరిగి తీసుకురావాల్సిన బాధ్యతా మాదే. కానీ నేను అడిగింది జరిమానా భయంతో మాత్రమే కాదు. ఆ కవరు పట్టుకుని వచ్చే ముఖం మళ్లీ చూడకూడదని.

నీలిరంగు సూట్‌కేస్

అందరికీ కథలే కారణం కాదండీ, తేదీలు కూడా ముంచుతాయి. షెన్‌జెన్‌కి పాస్‌పోర్టు జారీ అయ్యి పదేళ్లు దాటకూడదు, అక్కడి నుంచి తిరిగొచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. 2018 సెప్టెంబరు దాకా బ్రిటన్ పాస్‌పోర్టుల్లో పాతదాని మిగులు నెలలు తొమ్మిది దాకా కలిపి ఇచ్చేవాళ్లు. అలాంటివాటి మీద గడువు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పదేళ్లు దాటిపోయి ఉంటుంది. బ్రిటన్ ఈయూ నుంచి బయటికొచ్చాక దీనివల్లే చాలామంది విమానం ఎక్కలేకపోయారు. సింగపూర్ ఆరు నెలలు అడుగుతుంది. కెనడాకి వెళ్లేవాళ్లు పాత కేసులు గుర్తు తెచ్చుకోవాలి, 2018 డిసెంబరు నుంచి అక్కడ తాగి బండి నడపడం తీవ్ర నేరాల్లోకి చేరింది.

శ్రీలత

అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా వాడికి చదివి వినిపించాను. డిపోర్ట్ కాదన్న మాట దగ్గర తలెత్తి చూశాడు. అమ్మకి కూడా చెప్పాను. పాతకాపు సార్, ఒక్క విషయం. ఇంకో ఆర్నెల్లలో వాడికి ఆఫీసు పని మీద లండన్ వెళ్లాల్సి రావచ్చు. ఆ వీసా ఫారంలో ఇలా తిప్పి పంపిన సంగతి రాయాలా? ఒక కన్సల్టెంట్ "ఆ దేశం వేరు, ఈ దేశం వేరు, రాయక్కర్లేదు, కొత్త పాస్‌పోర్టు తీసుకోండి" అన్నాడు.

కౌంటర్ పాతకాపు

అమ్మా, ఆ మాట వినొద్దు. బ్రిటన్ ఫారంలో సూటిగా అడుగుతారు, ఏ దేశంలోనైనా వీసా నిరాకరించారా, సరిహద్దులో ఎంట్రీ నిరాకరించారా అని. లేదని రాసి దొరికిపోతే మోసం కింద పదేళ్లు దరఖాస్తులు తిప్పికొడతారు. కెనడా ఫారంలోనూ ఇలాంటి ప్రశ్నే ఉంటుంది, అక్కడ తప్పుడు సమాచారానికి ఐదేళ్లు. ఒక్క ‘ఇ’ అక్షరం వల్ల ఇవేవీ రావు. ‘ఇ’ దానంతట అది నిషేధం కాదు. దాన్ని దాచబోతేనే నిషేధం వస్తుంది.

కొత్త పాస్‌పోర్టుతో ఏమీ చెరగదు. వీసా రద్దయిన సంగతి షెన్‌జెన్ దేశాలన్నీ చూసే కంప్యూటర్లో ఐదేళ్ల దాకా ఉంటుంది. 2025 అక్టోబరు 12 నుంచి వాళ్లు రాకపోకలు కంప్యూటర్లో నమోదు చేసే ఈఈఎస్ అనే పద్ధతి విడతలుగా మొదలుపెట్టారు. అందులో ముద్ర బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, ఎంట్రీ నిరాకరించినా మూడేళ్లు రికార్డులో ఉంటుంది. ముద్ర ఉన్న పేజీని చూసి భయపడకండి, అది నిజం చెప్పడానికి పనికొచ్చే ఆధారం.

ఎయిర్‌పోర్టులో ఇచ్చిన ఆ ఫారం మీద అప్పీలు చేసుకునే వివరాలు ఉంటాయి, గడువు ఆ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఈ రోజే చదవండి. మీవాడి విషయంలో అప్పీలు గెలవడం కష్టమని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే చూపించిన బుకింగ్ నిజంగానే లేదు. ఆ శ్రమ లండన్ దరఖాస్తు మీద పెట్టడం నయం.

లండన్ దరఖాస్తుతో పెట్టడానికి ఒక పేజీ ఉత్తరం రాయమనండి. ఏ తేదీన ఆపారు, ఏ కారణం టిక్కు పెట్టారు, హోటల్ ఏ రోజు రద్దు చేశాడు, ఎవరి దగ్గర ఉండాలనుకున్నాడు, ఎందుకు పాత కాగితం చూపించాడు. ఆఖరిది రాయడానికి వాడికి కష్టంగా ఉంటుంది, అయినా రాయమనండి, ‘కంగారుపడ్డాను, తప్పు చేశాను’ అని రెండు ముక్కలు చాలు. ఫారం కాపీ, ముద్ర ఉన్న పేజీ కాపీ, హోటల్ రద్దు చేసినప్పుడు వచ్చిన ఈమెయిల్ జత చేయాలి. ఆ ఈమెయిల్ ఇప్పుడే వెతికి పెట్టుకోమనండి.

శ్రీలత

దొరికింది సార్. ఇప్పుడే ప్రింట్ తీశాం. ఉత్తరం వాడే మొదలుపెట్టాడు, తెలుగులో ముందు రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మారుస్తానన్నాడు.