చపాటా మిర్చితో ఎంచిలాడా సాస్ కుదురుతుందా?

హనుమకొండలో మా వీధివాళ్లం ఆదివారం బండ్లు కడుగుతూ కబుర్లు చెప్పుకుంటాం. ఎవరి స్కూటర్ మైలేజీ ఎంత, మా పాత కారు ఎందుకు మొరాయిస్తోంది, ఇదే చర్చ. ఈసారి అందరికీ ఎంచిలాడాలు (లోపల కూర పెట్టి చుట్టిన రొట్టెల మీద మిరప సాస్ పోసే మెక్సికన్ వంటకం) చేసి పెడతానని నోరు జారాను. టెక్సస్‌లో సాస్‌కు కారం తక్కువుండే ఆంచో ఎండుమిరప వాడతారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చికీ కారం తక్కువ, రంగు ఎక్కువ, సరిపోతుందా?

అసలు చిక్కు టోర్టియాలది, అంటే చుట్టడానికి వాడే పలుచని మక్క రొట్టెలది. మామూలు మక్కపిండితో చేస్తే చుట్టేటప్పుడు విరిగిపోతున్నాయి. అక్కడ మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. తినే సున్నంతో ఇంట్లో అలా చేసినవారు ఉంటే కొలతలు చెప్పండి. లేకపోతే చపాతీలతోనే కానిచ్చేస్తాను. ఎదురింటి పెద్దాయనకు తేడా తెలియదులెండి, ఆయన ధ్యాసంతా కొత్త బ్యాటరీ స్కూటర్ మీదే.