లంగ్‌లో చిన్న నాడ్యూల్ (మచ్చలాంటి చిన్న గడ్డ), ఆపరేషన్‌కి ముందు వైర్ పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్తే. మా అమ్మకి 58 ఏళ్ళు, వేరే దేనికో సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 9 మి.మీ. నాడ్యూల్ కనిపించింది, గ్రౌండ్ గ్లాస్ అన్నారు, అంటే గట్టి గడ్డ కాదు, ఫిల్మ్‌లో పలచటి పొగమంచులా ఉంది, డాక్టర్ పెన్నుతో చుట్టు గీసి చూపిస్తే తప్ప మాకు కనపడలేదు. మూడు నెలలు ఆగి మళ్ళీ తీశారు, తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. అందుకే కీహోల్ సర్జరీ (వాట్స్, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేది) చేసి తీసేద్దాం అంటున్నారు.

అసలు సమస్య ఏంటంటే లోపల కెమెరాకి అది కనపడదంట, ఊపిరితిత్తిలోంచి గాలి తీసేశాక ముడుచుకుపోతుంది కాబట్టి వేలితో తడిమినా దొరకకపోవచ్చంట. అందుకని ఆ రోజు పొద్దున సీటీ రూమ్‌లో లోకల్ మత్తు ఇచ్చి పక్కటెముకల మధ్య నుంచి నాడ్యూల్ ఎక్కడుందో గుర్తుగా కొక్కెం లాంటి వైర్ గుచ్చి, అలాగే థియేటర్‌కి తీసుకెళ్తారంట. అమ్మ అయితే "చేపకి వేసినట్టు నాకు గాలం వేస్తారా" అని ఒకటే గోల.

ఇంకో సర్జన్ వైర్ వద్దు, ఐసీజీ డై (స్పెషల్ కెమెరాలో మెరిసే రంగు మందు) ఎక్కించి ఆ కెమెరాతో చూద్దాం అన్నారు. వైర్ బదులు మైక్రోకాయిల్ (గుర్తుగా పెట్టే చిన్న లోహపు చుట్ట) అయితే ముందురోజే పెట్టొచ్చని కూడా విన్నా.

చేయించుకున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్, వైర్‌తో నొప్పి ఎంత ఉంది, థియేటర్‌కి వెళ్ళేలోపు ఎంతసేపు ఆగారు, మధ్యలో అది జారిపోవడం గానీ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) గానీ అయ్యిందా? రేడియాలజీ, థొరాసిక్ (ఛాతీ సర్జరీ) వాళ్ళెవరైనా ఉంటే సర్జన్‌ని ఏమేం అడగాలో కూడా చెప్పండి. వచ్చే వారమే డేట్ ఇచ్చారు.