పైథాన్ ప్రోగ్రామ్‌లో ఒక్క కోలన్ (:) మర్చిపోతే సున్నా మార్కులేనా?

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో, గాజువాక దగ్గర ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో 11, 12 తరగతులకు కంప్యూటర్ సైన్స్ చెబుతాను. రెండు సెక్షన్లు కలిపి 84 మంది. ప్రోగ్రామ్‌లన్నీ చేత్తో దిద్దేసరికి వారం పడుతోంది, ఈలోపు పిల్లలు ఏం రాశారో వాళ్లే మర్చిపోతున్నారు. అందుకని ఈసారి మూడుల్‌లో (ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) కోడ్‌రన్నర్ పెట్టి యూనిట్ టెస్ట్ నిర్వహించాను. అది పిల్లల ప్రోగ్రామ్‌ను నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ను సరైన జవాబుతో పోల్చి తనే మార్కులు వేస్తుంది.

ఫలితాలు చూశాక టెన్షన్ మొదలైంది. చాలామంది ఇన్‌పుట్ (విలువ ఇవ్వమని అడిగే ఆదేశం) లోపల 'ఎంటర్ ఎ నంబర్' అని రాస్తారు. పాఠంలో అలాగే నేర్పాను మరి. ఆ మాట కూడా అవుట్‌పుట్‌లో కలిసిపోయి, జవాబు సరైనదైనా తప్పని చూపించింది. ఖాళీల తేడాలను అందులో జవాబులు పోల్చే 'నియర్లీ ఎగ్జాక్ట్' గ్రేడర్ పట్టించుకోదు గానీ, అదనపు మాటలను ఒప్పుకోదు. అన్నీ సరిగ్గా వస్తేనే మార్కులిచ్చే 'ఆల్ ఆర్ నథింగ్' సెట్టింగ్ తీసేశాను, కొన్ని టెస్ట్ కేసులు (ప్రోగ్రామ్‌ను పరీక్షించే నమూనా విలువలు) దాటినవాళ్లకు కొంత మార్కులు వచ్చాయి.

అసలు బాధ వేరే. ఒకమ్మాయి లూప్ చక్కగా రాసి, ఫర్ లైన్ చివర కోలన్ మర్చిపోయింది. సింటాక్స్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ అసలు నడవలేదు, సున్నా. కాగితం మీదైతే అయిదుకి నాలుగు వేసేదాన్ని. ఆ రోజంతా తను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇలాంటివి మీరెలా చూసుకుంటున్నారు? ఇన్‌పుట్ గొడవ లేకుండా, విలువలను నేరుగా తీసుకుని జవాబు తిరిగిచ్చే ఫంక్షన్లే రాయమనాలా? ఎర్రర్ వచ్చినవి మాత్రం విడిగా చేత్తో దిద్దితే మిగతావాళ్లకు అన్యాయమవుతుందా? స్కూళ్లలో వాడినవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే నెలలో ఇంకో టెస్ట్ ఉంది.